రంగులు దిద్దకముందే ఊరిని అడగాలి

పట్టణంలో ఏ జాగాలో ఇల్లు కట్టుకోవచ్చో, ఎక్కడ దుకాణం తెరవవచ్చో, ఫ్యాక్టరీకి ఏ దిక్కున చోటివ్వాలో, ఏ చెరువు అంచున ఇటుక కూడా పేర్చకూడదో, ఇరవై ఏళ్ల తరువాత రాబోయే రోడ్డు ఎవరి పొలం మీదుగా పోతుందో ముందుగానే తేల్చి చెప్పే చట్టబద్ధమైన పత్రాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. అందులోని పటం నేలను వాడుకను బట్టి ముక్కలుగా విడదీస్తుంది. పటం వెంట ఉండే నిబంధనలు ఒక్కొక్క ముక్కలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో, ఎన్ని అంతస్తులు వేయవచ్చో, చుట్టూ ఎంత ఖాళీ వదలాలో చెబుతాయి. ఈ విభజనను జోనింగ్ అని, ఒక్కొక్క ముక్కను జోన్ అని వ్యవహరిస్తారు. నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ప్రభుత్వ సంస్థలకూ ప్రజోపయోగ కట్టడాలకూ ఎరుపు, పార్కులకూ వ్యవసాయానికీ ఆకుపచ్చ ఛాయలు వాడటం దేశంలోని ప్రణాళికా విభాగాలు పాటించే ఆనవాయితీ. ఈ రంగులకు ఆమోదం దొరికి గెజిట్‌లో అచ్చయిన నాటి నుంచి ఎకరం ధర, బ్యాంకు ఇచ్చే అప్పు, ఇంటి అనుమతి, పిల్ల పెళ్లికి అమ్ముదామని దాచుకున్న నాలుగు గుంటల జాగా విలువ, అన్నీ వాటికి లోబడే నడుస్తాయి.

ఇరవై ఏళ్లను దృష్టిలో పెట్టుకుని గీసిన ప్రణాళిక కూడా శివారు గ్రామాలు పట్టణంలో కలిసినప్పుడు, కొత్త జిల్లా కేంద్రం ఏర్పడినప్పుడు, బైపాస్ రోడ్డో రైలు మార్గమో వచ్చి ఊరు పెరిగే దిక్కు మారినప్పుడు పాతబడిపోతుంది కనుక దాన్ని సవరించుకోవడం ఏ మునిసిపాలిటీకైనా తప్పని పని. ఆ సవరణలో ప్రజలకు చట్టం ఒక స్థానం ఇచ్చింది. మద్రాసు రాష్ట్రం నుంచి సంక్రమించిన 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టమైనా, పట్టణాభివృద్ధి సంస్థలకు పునాది అయిన 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమైనా ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు, సూచనలు కోరి, వాటిని పరిశీలించాకే ప్రభుత్వం తుది ఆమోదం ఇవ్వాలని నిర్దేశిస్తాయి. అయితే ఆ స్థానం వరుసలో చివరన ఉంది. మూల పటం తయారు చేయడం, ప్రస్తుతం ఏ నేల ఏ వాడుకలో ఉందో నమోదు చేయడం, రాబోయే జనాభాను లెక్కగట్టడం, రోడ్లు ఎటు పోవాలో నిర్ణయించడం, రంగులు దిద్దడం, ఇవన్నీ ముగిశాకే ఊరికి కబురు అందుతుంది. గత పదేళ్లలో తెలుగు పట్టణాల్లో మాస్టర్ ప్లాన్ల చుట్టూ రేగిన గొడవల్లో చాలావాటికి మూలం ఈ వరుసలోనే ఉంది. ప్రజల మాట ముసాయిదా దాకా ఆగకుండా, ఉన్న వాడుకను రాసుకునే సర్వే దగ్గరే చేరితే తప్ప ఎంత నిపుణులు గీసిన పటమైనా నేల మీద నిలబడటం కష్టం.

కామారెడ్డి, 2023 జనవరి

2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైన కామారెడ్డిలో ఆ తరువాత చుట్టుపక్కల గ్రామాలు కలిశాయి. పెరిగిన పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2022 చివరలో వెలువడింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజుల గడువిచ్చారు. తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని, సాగు భూముల మీదుగా 100 అడుగుల రోడ్లు గీశారని అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్, టేక్రియాల్ తదితర గ్రామాల రైతులకు ఆ ముసాయిదా చూశాకే తెలిసింది. జనవరి మొదటి వారంలో ఒక రైతు ఆత్మహత్య చేసుకోవడంతో ఆందోళన తీవ్రమైంది. రైతులు కుటుంబాలతో సహా కలెక్టరేట్ ముందుకు తరలివచ్చారు, పట్టణం బంద్ పాటించింది, కొందరు హైకోర్టు తలుపు తట్టారు. అదే రోజుల్లో జగిత్యాలలోనూ మాస్టర్ ప్లాన్ మీద అలాంటి నిరసనే రేగింది. జనవరి మూడో వారానికల్లా రెండు పట్టణాల పాలకవర్గాలూ ఆ ముసాయిదాలను రద్దు చేయాలని తీర్మానించాయి.

ఆ రోజుల్లో పాలకులు, అధికారులు పదేపదే చెప్పిన మాట ఒకటుంది. ఇది ముసాయిదా మాత్రమే, ఎవరి భూమినీ తీసుకోవడం లేదు, అభ్యంతరం ఉంటే దరఖాస్తు ఇస్తే చాలు అన్నారు. చట్టం ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. భూసేకరణ వేరు, జోన్ నిర్ణయం వేరు. సేకరణలో ప్రభుత్వం పరిహారం చెల్లించి భూమిని తన పేరు మీదకు మార్చుకుంటుంది. జోన్ నిర్ణయంలో పట్టా రైతు పేరు మీదే ఉంటుంది, వాడుకకు మాత్రం హద్దు పడుతుంది. కానీ ఊదా రంగు పడిన నేలలో కొడుకుకు ఇల్లు కట్టించాలంటే అనుమతి రాదు, ప్లాట్లుగా చేసి అమ్ముకోవాలంటే లేఅవుట్ రాదు, పరిశ్రమ పెట్టే కంపెనీ వచ్చే దాకా కొనేవాడు రాడు, వచ్చిన నాడు బేరమాడే సత్తువ రైతుకు ఉండదు. పరిహారం లేకుండానే విలువ తరిగిపోయే ఈ స్థితిని రైతులు సరిగ్గానే పసిగట్టారు. దాన్ని అపోహగా కొట్టిపారేయడం వారి తెలివిని తక్కువ చేయడమే.

పటంలో గీత ఎంత చిన్నదో, దాని బరువు ఎంతటిదో తెలియాలంటే కొలతను దగ్గరగా చూడాలి. 1:10,000 కొలతతో అచ్చు వేసిన పటంలో ఒక సెంటీమీటరు నేల మీద వంద మీటర్లు. రెండెకరాల పొలం చదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క సుమారు 90 మీటర్లు ఉంటుంది; పటంలో అది 9 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. 100 అడుగుల రోడ్డు అదే పటంలో మూడు మిల్లీమీటర్ల మందం గల గీత. ఆ గీత పొలానికి అడ్డంగా సాగితే దాదాపు 27 గుంటలు, రెండెకరాల్లో మూడో వంతు, రోడ్డు కింద పోతుంది. మిగిలింది రెండు ముక్కలై బోరు ఒక పక్క, దాని కింద పారే మడి మరో పక్క పడతాయి. ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్నవారు గీతను ఒక్క సెంటీమీటరు జరిపితే ఈ పొలం నిలుస్తుంది, పక్క రైతు పొలం పోతుంది. ఇంతటి నిర్ణయానికి కారణమేమిటో, ఆ గీత ప్రభుత్వ భూమి మీదుగానో, ఉన్న బండ్ల బాట వెంటనో ఎందుకు పోకూడదో అడిగే హక్కు రైతుకు గీత గీయకముందే ఉండాలి.

రైతు తన భూమిని గుర్తుపట్టే తీరు, ప్రణాళికా విభాగం చూపించే తీరు ఒకటి కావు. తెలంగాణ పల్లెల్లో ప్రతి భూమికీ సర్వే నంబరు, ఆ నంబరుకు కొలతలతో కూడిన టిప్పన్, ఊరంతటికీ ఒక గ్రామ నక్షా ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో ఆ టిప్పన్ పనిని ఎఫ్ఎంబీ అనే కొలతల పుస్తకం చేస్తుంది. రంగుల ముసాయిదాలో ఈ హద్దులు కనిపించకపోతే, కనిపించినా అంకెలు చదవలేనంత సన్నగా ఉంటే, కార్యాలయం గోడ మీద తగిలించిన ఆ పెద్ద పటం ముందు నిలబడిన రైతుకు తన పొలం ఏ రంగులో పడిందో తెలియదు. పైగా ప్రకటన తెలుగు పత్రికలో వచ్చినా, జోన్ల నిబంధనలు, సాంకేతిక నివేదిక సాధారణంగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. చదవలేని పత్రం మీద అరవై రోజులిచ్చినా, ఆరు నెలలిచ్చినా రైతుకు దక్కేది ఒకటే.

ఒకే రంగు, రెండు ఊళ్ల గొడవ

కామారెడ్డి రైతులు ఆకుపచ్చ పోయి ఊదా వచ్చిందని ఆందోళన చేస్తే, అంతకు ఏడేళ్ల ముందు కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఆకుపచ్చ మిగిల్చారని ఆందోళన చేశారు. అమరావతి చుట్టూ 8,352 చదరపు కిలోమీటర్ల రాజధాని ప్రాంతానికి అక్కడి అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2015 చివర ప్రకటించిన ముసాయిదా ప్రణాళికలో వ్యవసాయ పరిరక్షణ జోన్లు ఉన్నాయి. సారవంతమైన డెల్టా భూమిని కాంక్రీటు పాలు కాకుండా కాపాడటం వాటి ఉద్దేశం. రాజధాని నగరంలో భూ సమీకరణకు పొలాలిచ్చినవారికి ప్లాట్లు వస్తుంటే, పక్క మండలాల్లో తమ భూమి మాత్రం దశాబ్దాల పాటు సాగు కిందే ఉండిపోవాలా అని అక్కడి రైతులు నిలదీశారు.

పైపైన చూస్తే ఈ రెండు నిరసనలూ పొసగనివిగా తోస్తాయి. రైతుకు ఏం కావాలో రైతుకే తెలియదని తీర్పు చెప్పేవారికి ఇది అనువుగా దొరుకుతుంది. నిజానికి రెండు చోట్లా అడిగింది ఒక్కటే. పట్టణం ఎదగడం వల్ల పుట్టే లాభం ఎవరికి చేరుతుంది, దాని భారం ఎవరి మీద పడుతుంది అన్న నిర్ణయం తమను అడగకుండా జరిగిపోయిందన్నదే రెండు చోట్లా ఫిర్యాదు. డెల్టా నేలను కాపాడటం ఊరందరికీ మేలు చేసే పనే అయితే, ఆ మేలు ఖర్చును ఆకుపచ్చ రంగులో పడిన రైతు ఒక్కడే ఎందుకు మోయాలి? కాపాడిన నేలకు బదులుగా వేరే చోట కట్టుబడి హక్కు ఇవ్వడం వంటి మార్గాలు ప్రణాళికా శాస్త్రంలో లేకపోలేదు. బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు, అంటే టీడీఆర్, రోడ్ల వెడల్పులో జాగా కోల్పోయినవారికి తెలుగు నగరాల్లో ఇప్పటికే ఇస్తున్నారు. పంట భూమిని పంట భూమిగానే ఉంచినందుకు అలాంటి ప్రతిఫలం ఎందుకు ఇవ్వకూడదన్న చర్చ ముసాయిదా కన్నా ముందు జరగవలసింది.

ఎవరి మాట ప్రజల మాట

ప్రజలను అడగాలనడం సులభం; ఏ ప్రజలను అన్న దగ్గరే అసలు చిక్కు. హైదరాబాద్ జంట జలాశయాల చరిత్రలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. వరదను ఆపడానికీ నగరానికి తాగునీరు ఇవ్వడానికీ కట్టిన ఈ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని, అంటే వాన నీరు పారి వాటిలో చేరే నేలను, కాపాడేందుకు 1996 మార్చి 8న 111 జీవో వెలువడింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించి, అక్కడి భూమిలో 90 శాతాన్ని వినోద, పరిరక్షణ వాడుక కింద ఉంచాలని చెప్పింది. పరీవాహకంలో ఒక నూనె పరిశ్రమ కేసులో 2000 డిసెంబరులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు కూడా తాగునీటి వనరును కాపాడవలసిన బాధ్యతనే బలపరిచింది. కాగా 2022 ఏప్రిల్ 12న వచ్చిన 69 జీవో, నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతుతో ఆ ఆంక్షలను తొలగించింది.

ఈ పాతికేళ్లలో 84 గ్రామాల రైతులు అడిగింది న్యాయమైన మాటే. పక్కనే గచ్చిబౌలిలో, కోకాపేటలో ఎకరం కోట్లు పలుకుతుంటే, తమ నేలకు మాత్రం జీవో అడ్డు నిలిచి కూతురి చదువుకు రెండు గుంటలు అమ్ముకునే వీలు కూడా లేకుండా పోయిందన్నది వారి బాధ. ఆంక్షలున్న కాలంలోనే అక్కడ ఫామ్‌హౌస్‌లు, కల్యాణ మండపాలు లేచాయి కనుక నియమం తమకే గానీ డబ్బున్నవారికి కాదని వారు నమ్మడానికి కారణం ఉంది. మరోపక్క ఆ నేల మీద పడిన వాన చుక్క ఎటు పారుతుందన్నది కింద ఉన్న లంగర్‌హౌజ్ మొదలు మూసీ ఒడ్డు బస్తీల దాకా లక్షల మందికి సంబంధించిన విషయం. వారిలో చాలామందికి సెంటు భూమి లేదు, అభ్యంతరం చెప్పాలని కబురు పెట్టేవారూ లేరు. పైన ఉన్నవారి మాట గ్రామసభలో వినబడుతుంది, కింద ఉన్నవారి మాట ఏ సభలోనూ వినబడదు. కనుక భూ వినియోగ ప్రణాళికలో ప్రజాభిప్రాయం అంటే భూమి యజమానుల అభిప్రాయం మాత్రమే అనుకుంటే పొరపాటు. కౌలు రైతు, అద్దెకుండే కుటుంబం, చెరువు మీద బతికే గంగపుత్రులు, ముదిరాజులు, గైరాన్ భూమిలో పశువులు మేపుకునేవారు, ఫుట్‌పాత్ మీద తోపుడు బండి నడుపుకునేవారు, వీరెవరి పేరునా పట్టా లేదు, అయినా ప్రణాళిక తప్పితే ముందు దెబ్బ తినేది వీరే.

ఐదు ప్రణాళికల మహానగరం

హైదరాబాద్‌లో ప్రణాళికకు పొడవైన చరిత్రే ఉంది. మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కిక్కిరిసిన బస్తీలను తొలగించి, రోడ్లను వెడల్పు చేసి, కొత్త ఇళ్ల వరుసలు కట్టింది. 1975లో నగరపాలక ప్రాంతానికి అభివృద్ధి ప్రణాళిక, అదే ఏడు నగరాభివృద్ధి సంస్థ హుడా, 2008లో దాని స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చాయి. 2013 జనవరిలో ఆమోదం పొందిన మెట్రోపాలిటన్ అభివృద్ధి ప్రణాళిక 2031, సుమారు 5,965 చదరపు కిలోమీటర్లకు వర్తిస్తుంది. ఇది గాక పాత నగరపాలక ప్రాంతానికి ఒకటి, సైబరాబాద్‌కు ఒకటి, విమానాశ్రయ ప్రాంతానికి ఒకటి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు ఇరువైపులా కిలోమీటరు మేర మరొకటి చొప్పున మొత్తం ఐదు ప్రణాళికలు అమల్లో ఉంటూ వచ్చాయి. ఒకే రోడ్డుకు ఈ పక్క ఒక ప్రణాళిక, ఆ పక్క మరొకటి ఉన్న చోట్ల జోన్ల పేర్లు, నిబంధనలు కలవక సామాన్యుడు ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలియని స్థితి ఏర్పడింది.

ఇంతకన్నా ఆందోళన కలిగించేది చిల్లర మార్పుల దారి. ఆమోదం పొందిన ప్రణాళికను కూడా ప్రభుత్వం చట్ట ప్రకారమే ముక్కముక్కగా సవరించవచ్చు. ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లలోని ఇన్ని ఎకరాలను పరిరక్షణ జోన్ నుంచి నివాస జోన్‌కో ఉత్పత్తి జోన్‌కో మారుస్తున్నట్లు నోటీసు వెలువడుతుంది, అభ్యంతరాలకు సాధారణంగా పదిహేను రోజులు ఇస్తారు. పత్రికలో సన్న అక్షరాల్లో వచ్చిన ఆ నోటీసు పొరుగు రైతు కంట పడితే విశేషమే. దరఖాస్తు పెట్టేది భూమి యజమాని, రుసుము కట్టేది అతడే, మార్పు వల్ల లాభపడేదీ అతడే. ఆ లేఅవుట్ మురుగు ఏ ఒర్రెలో కలుస్తుంది, అక్కడ తిరిగే లారీలను ఏ పల్లె బాట మోస్తుంది అన్నది ఆ కాగితాల్లో పెద్దగా చోటు చేసుకోదు. ఊరంతటి కోసం చేసే సవరణకు ఇరవై ఏళ్లు ఆగే వ్యవస్థ ఒక్కరి కోసం చేసే సవరణకు మాత్రం ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉంచడం మాస్టర్ ప్లాన్ మీద జనానికి నమ్మకం సన్నగిల్లడానికి ముఖ్య కారణం.

74వ రాజ్యాంగ సవరణ జనాభా పది లక్షలు దాటిన ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక ప్రణాళికా సంఘం ఉండాలని, అందులో కనీసం మూడింట రెండు వంతుల మందిని కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, ఆ ప్రాంత పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచి ఎన్నుకోవాలని 243 జెడ్‌ఈ అధికరణలో చెప్పింది. జనం ఎన్నుకున్నవారి చేతుల మీదుగా ప్రణాళిక రావాలన్నది దాని ఆశయం. ఆచరణలో హైదరాబాద్ ప్రణాళిక అభివృద్ధి సంస్థ అధికారుల, కన్సల్టెంట్ల చేతుల మీదుగానే తయారైంది.

ముంబై, ఢిల్లీలు చూపిన దారి

అమెరికన్ పండితురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన ఒక వ్యాసంలో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. జనాన్ని మభ్యపెట్టడం అట్టడుగు మెట్టు, నిర్ణయాధికారం పూర్తిగా జనం చేతికి రావడం పై మెట్టు; అభిప్రాయం అడిగి, విని, పాటించాలన్న బాధ్యత ఏమీ పెట్టుకోకుండా పంపేయడం నాలుగో మెట్టు. తెలుగు రాష్ట్రాల చట్టాలు హామీ ఇస్తున్నది ఆ నాలుగో మెట్టునే. దేశంలో కొన్ని చోట్ల ప్రజలు స్వయంగా పూనుకొని దాన్ని దాటి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి.

ముంబై నగరపాలక సంస్థ 2034 దాకా వర్తించే ప్రణాళిక కోసం ముందుగా ప్రస్తుత భూ వినియోగ పటాలను ప్రజల ముందు పెట్టింది. మత్స్యకారుల కోలీవాడలు, ఆటస్థలాలు, బడులు తప్పుగా నమోదయ్యాయని, కొన్ని అసలే లేవని పౌర సంఘాలు వార్డు వార్డునా తిరిగి చూపించాయి. ఆ హెచ్చరికలు ముసాయిదాలోకి పూర్తిగా ఎక్కలేదు. 2015 ఫిబ్రవరిలో ముసాయిదా బయటికి రాగానే వారసత్వ భవనాలు గల్లంతైన చోట్లు, భవనాల మీదుగా రోడ్లు గీసిన చోట్లు బయటపడి, పదుల వేల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చి పడ్డాయి. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి తప్పులు సరిదిద్దమని ఆదేశించింది. సవరించిన ముసాయిదా 2016లో, తుది ఆమోదం 2018లో వచ్చాయి. సర్వే దగ్గర జనం చెప్పింది సరిగా రాసుకుని ఉంటే మిగిలే కాలం, ఖర్చు తక్కువేమీ కాదు.

ఢిల్లీలో మరో రకం ప్రయత్నం జరిగింది. వీధి వ్యాపారులు, చెత్త ఏరుకునేవారు, ఇంటి పనివారు, ఇంట్లోనే కుట్టుపని, బీడీ పని వంటివి చేసుకునే మహిళలు, వీరి సంఘాలు పరిశోధకులతో కలిసి 2018లో ‘మై భీ దిల్లీ’ అన్న ప్రచారాన్ని మొదలుపెట్టాయి. ముసాయిదా కోసం ఎదురుచూడకుండా మురికివాడల్లో, సంతల్లో సభలు పెట్టి, ఇల్లే పని చోటైనవారికి జోనింగ్ ఎలా అడ్డు వస్తుందో, చెత్త వేరు చేసుకోవడానికి ఒక్కో వార్డులో ఎంత చోటు కావాలో కాగితం మీద పెట్టి ప్రణాళికా సంస్థకు అందించారు. 2041 ముసాయిదా 2021 జూన్‌లో వెలువడ్డాక దాదాపు 33 వేల అభ్యంతరాలు, సూచనలు అందాయి. కింద దుకాణం, పైన కాపురం పెట్టుకుని, ముందు గదిలో కుట్టుమిషను నడుపుకునే ఇల్లు లాడ్ బజార్‌లోనూ, విజయవాడ వన్‌టౌన్‌లోనూ కనిపిస్తుంది. అక్కడ నివాసం వేరు, వాణిజ్యం వేరు అని గిరి గీస్తే మధ్యతరగతి బతుకు సగం నిబంధనలకు విరుద్ధమై కూర్చుంటుంది. ఫ్యాక్టరీ పొగ నుంచి ఇళ్లను కాపాడటానికి పుట్టిన విభజనను కుట్టుమిషను దాకా లాగడం సబబు కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారుల ప్రతినిధులకే ఇచ్చింది. ఆ కమిటీని మాస్టర్ ప్లాన్ బల్ల దగ్గరికి పిలిపించడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు.

సర్వే దగ్గరే మొదలవ్వాలి

కేంద్ర ప్రభుత్వ అమృత్ పథకం కింద 2015 నుంచి దేశంలోని 500 పట్టణాలకు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మాస్టర్ ప్లాన్లు తయారు చేసే పని మొదలైంది. పాత చేతి పటాలతో పోలిస్తే ఇది మంచి మార్పు. అయితే ఉపగ్రహం కప్పును చూస్తుంది, కప్పు కింద ఏం జరుగుతోందో చూడదు. ఎండాకాలంలో తీసిన చిత్రంలో చెరువు శిఖం బీడు భూమిలాగే కనబడుతుంది. శిఖం అంటే చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తగ్గినప్పుడు తేలే నేల. నిండు నీటి మట్టాన్ని అధికారులు ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీ వదలాలి. మట్టమే తప్పుగా గీస్తే తొమ్మిది మీటర్లు వదిలినా ఇల్లు చెరువులోనే ఉంటుంది. ఏ ఏడు నీరు ఏ వేపచెట్టు దాకా వచ్చిందో, అలుగు పారితే ఒర్రె ఎటు మళ్లుతుందో చెప్పగలవారు ఆ చెరువు తూము తీసి ఆయకట్టుకు నీళ్లు పారించిన నీరటి కుటుంబాలు, వల వేసిన మత్స్యకారులు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగినప్పుడు, టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో నిలిచినప్పుడు, నీటి దారి తెలిసినవారి మాట పటానికి ఎక్కకపోతే ఏమవుతుందో నగరం చూసింది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువుల్లోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక, అనుమతి ఉందని నమ్మి అప్పు చేసి కొన్న కుటుంబాలు కూడా వీధిన పడే ప్రమాదం ఎదురైంది.

ఇప్పుడు ఈ విషయం మరింత ముఖ్యం కావడానికి కారణం ఉంది. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ పరిధిని ప్రాంతీయ రింగ్ రోడ్డు దాకా పెంచారు. పాత పరిధితో కలిపి 11 జిల్లాల్లో 104 మండలాలు, 1,355 గ్రామాలు, దాదాపు 10,472 చదరపు కిలోమీటర్లు దాని కిందికి వచ్చాయి. ఐదు ప్రణాళికల స్థానంలో 2050 దాకా ఒకే ప్రణాళిక తేవాలన్నది ప్రభుత్వ సంకల్పం. ఒకే ప్రణాళిక రావడం అవసరమే. కానీ కొత్తగా చేరిన గ్రామాల్లో చాలావాటికి ఇదే మొదటి మాస్టర్ ప్లాన్. కామారెడ్డి చుట్టూ కొన్ని ఊళ్లలో రేగిన గొడవ ఇక్కడ వందల ఊళ్లలో ఒకేసారి రేగే అవకాశం ఉంది.

దాన్ని తప్పించే పని రంగులు దిద్దకముందే మొదలవ్వాలి. ప్రస్తుత భూ వినియోగ పటాన్ని గ్రామ నక్షా మీద, సర్వే నంబర్లు స్పష్టంగా చదవగలిగేలా అచ్చు వేసి ప్రతి పంచాయతీలో పెట్టాలి. గ్రామసభలో దాన్ని నంబరు నంబరుగా చదివి వినిపించి, కౌలు రైతులను, మత్స్య సంఘాన్ని, మహిళా సంఘాలను విడిగా కూర్చోబెట్టి తప్పులు రాసుకోవాలి. ఊరు ఒప్పుకున్న పటం మీదే ముసాయిదా గీయాలి. రోడ్డు గీసిన చోట పరిశీలించిన ఇతర దారులేమిటో, వాటిని ఎందుకు వదిలారో తెలుగులో చెప్పాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నారా, తోసిపుచ్చారా, ఏ కారణం చేత అన్నది దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా అందాలి, ఆ జాబితా మొత్తం పంచాయతీ గోడ మీద అందరికీ కనబడాలి. చిల్లర మార్పు నోటీసును కూడా పత్రికతో సరిపెట్టకుండా ఆ గ్రామసభ ముందుకు తేవాలి. ఇందుకు ఏడాదో ఏడాదిన్నరో అదనంగా పట్టవచ్చు. ముంబైలో ముసాయిదా వెనక్కి వెళ్లి తుది ఆమోదం రావడానికి మూడేళ్లు పట్టింది. కామారెడ్డిలో ముసాయిదాయే చేతికి రాకుండా పోయింది.